బిగిముక్క బరువు

రెండేళ్ళలో ఒక్కటి కూడా వదులు కాలేదు. అందుకే కించపాడు నుంచి ఫోన్ వచ్చినప్పుడు డాక్టర్ ఇందుమతి మొదట నమ్మలేదు.

"వదులంటే ఎంత?" అని అడిగింది.

"ఏలితో తిప్పితే తిరిగిపోతన్నాది మేడమ్," అన్నాడు అవతలి మనిషి. "నాను మెకానిక్ లైకోన్‌ని. ఇక్కడ కొండబండి నడిపే జమున మొగుడ్ని. పానాతో ఎంత బిగించినా నిలబడ్డం లేదు. పక్క ఊర్లో జొరాలు. బండి కదలాల."

"ఏమీ చేయకు. రేపు నేనే వస్తున్నాను."

ఇందుమతి విశాఖపట్నంలోని ఒక లోహపరిశోధన సంస్థలో శాస్త్రవేత్త. నలభై ఆరేళ్ళ మనిషి. అందులో పదకొండేళ్ళు ఆ ఒక్క వస్తువు మీదే గడిపింది. మన్యంలో రాళ్ళ దారుల మీద మామూలు మూడు చక్రాల బండి నడిస్తే, ఆ కుదుపులకి ఇంజిన్‌ని చట్రానికి పట్టి ఉంచే నట్టు ఒక పూటలో ఊడిపోయేది. ఇంజిన్ పక్కకి ఒరిగి బండి ఎక్కడిదక్కడ ఆగిపోయేది. రోగుల్ని మళ్ళీ డోలీలో మోసుకురావలసిందే. ఇందుమతి చేసిన నట్టు అలా కాదు. కుదుపు తగిలినకొద్దీ అది లోపలివైపు వెంట్రుకవాసి చొప్పున పెరిగి బోల్టుని పట్టుకుంటుంది. పెరగడానికి దానికి ఇనుము కావాలి. అందుకోసం కింద బ్లేడంత పలచని ఇనుప రేకు ఒకటి అమర్చింది. దాన్ని ప్రయోగశాలలో మేతపట్టీ అనేవారు. నట్టుని కొండమీది మెకానిక్‌లు బిగిముక్క అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

ప్రయోగశాలలో మేతపట్టీ ఆరు నెలలకి అరిగిపోయేది. కొండమీద పన్నెండు బళ్ళకి పన్నెండు బిగిముక్కలు పెడితే, రెండేళ్ళయినా ఏ బండిలోనూ పట్టీ మార్చవలసిన అవసరం రాలేదు. అనుకున్నదానికంటే బాగా పనిచేస్తున్నదని ఆమె సంబరపడింది. ఏడాది నివేదికలో ఆ మాటే రాసింది. సభలో శాలువా కప్పినప్పుడూ ఆ మాటే చెప్పింది.

మర్నాడు తెల్లవారుతూనే జీపులో బయలుదేరి, ఘాట్ రోడ్డెక్కి, పదకొండు గంటలకి కించపాడు చేరింది.

లైకోన్ షెడ్డు సంతబయలు పక్కన ఉంది. రేకుల కప్పు, నూనె పీల్చుకుని నల్లబడ్డ నేల, గోడకి వరసగా వేలాడేసిన పానాలు. మధ్యలో కొండబండి నిలబడి ఉంది. ట్రాక్టరు టైర్లలా పళ్ళున్న మూడు చక్రాలు, ముందు డ్రైవరు సీటు, దాని కిందే ఇంజిన్, వెనక రోగి పడుకునే ఇనుప మంచం. లైకోన్ ముప్పై ఐదేళ్ళవాడు. పలకరింపులు అయ్యీ కాకముందే సీటు ఎత్తి పట్టుకున్నాడు.

"సూడండి."

ఇందుమతి వేలు పెట్టి తిప్పింది. బిగిముక్క తిరిగింది. పదకొండేళ్ళలో ఆమె అలాంటిది చూడలేదు.

"ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"మూడు వారాలై ఉంటాది. జమున్ని పాడేరు ఆస్పత్రిలో ఎట్టినాం కదా, అప్పట్నించి బండి తియ్యలేదు. బ్యాటరీ పడిపోద్దని రోజూ అరగంట ఇంజిను తిప్పేవోడ్ని. సీటెత్తీసి పక్కన నిలబడి తిప్పేవోడ్ని. రోజు రోజుకీ వదిలీసినాది."

"ఆమెకేమైంది?"

"రగతం లేదన్నారు. రెండు సీసాలు ఎక్కించినారు. నిన్ననే తెచ్చినాను."

ఇందుమతి ఆ మాట విన్నది కానీ మనసు పట్టీ మీద ఉంది. బిగిముక్క కింద చిన్న పట్టకారు పెట్టి మేతపట్టీని బయటికి లాగింది. పట్టీ నిండుగా ఉంది. అంచు కూడా అరగలేదు. కొండ తేమకి పైన ఎర్రటి తుప్పు పొరకట్టింది, అంతే. తుప్పు పొర ఉంటే బిగిముక్క ఆ ఇనుముని అందుకోలేదు. అది ఆమెకి తెలుసు. మరి ఈ రెండేళ్ళూ ఇది ఏం తిని బిగుసుకుంది? చట్రం నుంచి లాగిందేమో అనుకుని చట్రం గీకి చూసింది. రంగు కింద లోహం ఎక్కడా పలచబడలేదు.

"తుప్పు అడ్డం పడింది," అంది చివరికి, తనకి తానే నచ్చజెప్పుకుంటూ. "కొత్త పట్టీ తరవాత వేద్దాం. ముందు ఇది ఇంకా పనిచేస్తున్నదో లేదో చూడాలి. సీటు దించి, మనిషి బరువు పడేలా కూర్చోబెట్టి ఇంజిన్ నడిపితే తెలుస్తుంది."

"నాను కూకుంటాను," అన్నాడు లైకోన్.

"నా బండిలో నువ్వు కూకోడమేటి?"

షెడ్డు వెనక తలుపులోంచి జమున వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. జుట్టు బిగించి ముడేసుకుంది. పెదాలకి, చర్మానికి రంగు తేడా లేదు.

"ఒకరోజు పోనియ్యి, జమునా," అన్నాడు లైకోన్.

"కూకోడానికి బలమేటి గావాల?" అంటూ ఆమె ఎక్కి కూర్చుంది. "బాగున్నారా మేడంగారూ?"

"రోజూ కూర్చునే మనిషైతే బరువు సరిగ్గా పడుతుంది," అంది ఇందుమతి. తరవాత చాలాకాలం ఆ మాట ఆమెని వదల్లేదు.

ఇంజిన్ మొదలైంది. బండి మొత్తం వణికింది. ఇందుమతి మోకాళ్ళ మీద కూర్చుని, సీటు కింద పక్కనున్న కిటికీలోంచి టార్చి వేసి చూస్తూ ఉంది. ఐదు నిమిషాలు ఏమీ జరగలేదు. ఆరో నిమిషంలో సన్నగా చీమలబారు కదిలినట్టు బిగిముక్క లోపలి అంచు మెరిసింది. పదో నిమిషానికి కిర్రుమని ఒక చప్పుడు వచ్చింది. ఇంజిన్ ఊగిసలాట ఆగి, చప్పుడు ఒక్కసారిగా నునుపుగా మారింది.

లైకోన్ పానా పెట్టి రెండు చేతులతో లాగాడు. కదల్లేదు.

"బిగిసిపోనాది," అన్నాడు నవ్వుతూ. ఇందుమతి కూడా నవ్వి, కొలతలు రాసుకోడానికి పుస్తకం తీసింది. పదిహేనో నిమిషంలో జమున చెయ్యి స్టీరింగు మీంచి జారింది. తల ముందుకి వాలింది. లైకోన్ అందుకునేలోపే ఆమె పక్కకి పడిపోయింది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నాలుగడుగుల దూరం. నర్సు వేలు పొడిచి రక్తం తీసి చిన్న యంత్రంలో పెట్టింది. అంకె చూసి ముఖం చిట్లించి, ఇంకో వేలు పొడిచింది. రెండోసారీ అదే వచ్చింది.

"నిన్న డిశ్చార్జి చీటీలో హిమోగ్లోబిన్ ఎనిమిదీ పాయింటు నాలుగు ఉంది," అంది లైకోన్‌తో. "ఇప్పుడు ఏడూ పాయింటు ఒకటి. ఎక్కడైనా రక్తం పోయిందా?"

"లేదమ్మా. పొద్దున గంజి తాగినాది. బానే ఉన్నాది."

"రక్తం పోకుండా ఒక్క రోజులో ఇంత ఎలా పడుతుంది?" నర్సు చీటీ తిప్పి చూసింది. "ఈమె సంగతి నాకు అంతుపట్టడం లేదు మేడం. రెండు కాన్పులు పోయాయి. ఒకటి ఐదో నెలలో, ఒకటి ఏడో నెలలో. ఏడాదిన్నరగా ఇనుప మాత్రలు నా ఎదుటే మింగిస్తున్నాను. ఆ మాత్రలన్నీ ఎక్కడికి పోతున్నాయో తెలీదు."

ఇందుమతి గోడకి ఆనుకుని నిలబడింది. నిన్నటి చీటీ, ఇవాళ్టి చీటీ రెండూ ఆమె చేతిలో ఉన్నాయి. ప్రయోగశాలలో బండిని కుదిపే యంత్రం ఆమె కళ్ళముందు కనబడింది. సీటు మీద మనిషికి బదులు డెబ్బై కేజీల ఇసుక బస్తా పెట్టేవారు. పదకొండేళ్ళూ ఇసుక బస్తానే పెట్టారు. ఒక్క మనిషి కూడా ఆ సీటులో కూర్చోలేదు.

"లైకోన్, ఆ బిగిముక్క ఊడదీయగలవా?"

"ఇప్పుడే కదమ్మా బిగించినాం."

"బోల్టు కోసెయ్యి. ఇంజిన్ మాత్రం నడపకు. సీటులో ఎవరూ కూర్చోవద్దు."

అతను ఏమీ అడక్కుండా వెళ్ళాడు. గంటలో బిగిముక్క ఊడి వచ్చింది. ప్రతి బిగిముక్క మీదా తయారైననాటి బరువు చెక్కి ఉంటుంది. దీని మీద రెండు వందల పన్నెండు గ్రాముల నలభై అని ఉంది. సంత వీధిలో ఒక కంసాలి దుకాణం ఉంది. ఆయన బంగారం తూచే కాటా తుడిచి, ఇనుప ముక్క చూసి విచిత్రపడుతూనే తూచాడు.

"రెండు వందల పదహారు, యాభై ఐదు."

"ఇంకోసారి తూచండి."

మళ్ళీ తూచాడు. అదే అంకె వచ్చింది.

నాలుగు గ్రాముల పదిహేను పెరిగింది. మేతపట్టీ నుంచి పోలేదు. చట్రం నుంచి పోలేదు. ఒక మనిషి ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపి తూచినా నాలుగు గ్రాములకి మించదని ఇందుమతికి తెలుసు. కాటా మీది ఆ అంకెని చూస్తూ ఉండిపోయింది. కంసాలి మంచినీళ్ళు తెచ్చి ఇస్తే తీసుకుని, తాగడం మరచి గ్లాసు అక్కడే పెట్టేసింది.

"ఏటయిందమ్మా?" అన్నాడు పక్కన నిలబడ్డ లైకోన్.

వీధిలోనే చెప్పింది. చిన్న మాటల్లో, దాచకుండా చెప్పింది. తుప్పు పట్టని ఇనుము, కదిలే ఇనుము, వెచ్చటి ఇనుము దానికి దగ్గర్లో ఇంకొకటి దొరికిందని చెప్పింది. అది సీటులో కూర్చున్న మనిషి నెత్తురులో ఉందని చెప్పింది.

లైకోన్ నెమ్మదిగా అన్నాడు. "పోయినేడు కూడా ఒకసారి వదులైనట్టు అనిపించినాది. జొరంతో వారం పడుకున్నాది అప్పుడు. లేచినాక నానే ఎక్కించి కూకోబెట్టినాను. కూకో, అదే బిగుసుకుంటాది అన్నాను." రెండు చేతులూ చూసుకున్నాడు. "నానే కూకోబెట్టినాను."

"నీ తప్పు కాదు. అలా చెయ్యమని బండితో ఇచ్చిన సూచనల పుస్తకంలో రాసింది నేను."

అతను ఆమె ముఖం చూడలేదు.

ఇందుమతి అక్కడి నుంచే సంస్థ డైరెక్టరు నరహరికి ఫోన్ చేసింది. ఆయన పూర్తిగా విన్నాడు. మధ్యలో అడ్డు రాలేదు.

"ఒక్క ముక్క, ఒక్క మనిషి. కంసాలి కాటా," అన్నాడు చివరికి. "దీంతో ఏం తేలుతుంది ఇందుమతీ? ఆ ముక్క తీసుకుని రా. ఇక్కడ తూచి, పరీక్షించి, కమిటీ వేద్దాం. అప్పటిదాకా బయట అనకు. వచ్చే నెల బడిపిల్లల్ని తీసుకెళ్ళే బళ్ళకి ఇవే బిగించబోతున్నాం. ఆ సంగతి మరచిపోకు."

"ఇంకా పదకొండు బళ్ళు నడుస్తున్నాయి సార్. ఇప్పుడు, ఈ నిమిషంలో, వాటిలో మనుషులు కూర్చుని ఉన్నారు."

"పోయినేడు ఆరోగ్యశాఖ వాళ్ళు డ్రైవర్లు నీరసపడుతున్నారని, పొగ వల్లేమో చూడమని ఉత్తరం రాశారు గుర్తుందా? జవాబు నువ్వే రాశావు. నా ముందు ఫైలు ఉంది, చదువుతాను. 'పొగలో దోషం లేదు. ఈ ప్రాంతంలో రక్తహీనత సాధారణం.' ఇప్పుడు మనమే ఆ మాట కాదంటే ఎవరు నమ్ముతారు?"

ఆమె రాసిన వాక్యమే అది. రాసిన రోజు కూడా గుర్తుంది. భోజనానికి లేవబోతూ రెండు నిమిషాల్లో రాసి సంతకం పెట్టింది.

"నమ్మేదాకా చెబుతాను," అని ఫోన్ పెట్టేసింది.

లైకోన్ దగ్గర డ్రైవర్లందరి నంబర్లూ ఉన్నాయి. షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కరికీ చేశారు. బండి ఆపి దిగమని, మళ్ళీ చెప్పేదాకా ఎక్కవద్దని చెప్పారు. కొందరు ఎందుకని అడిగారు. కొందరు లైకోన్ మాట మీద సరేనన్నారు. ఎనిమిదో నంబరు వంతల బుద్రుది. ఫోన్ ఆడమనిషి ఎత్తింది.

"బుద్రు ఉన్నాడా అమ్మా?" అంది ఇందుమతి.

"లేడమ్మా. పోయి నాలుగు నెలలైనాది."

"ఎలా?"

"ఏటో తెలీదు. నీరసం, నీరసం అనీవోడు. తెల్లగా అయిపోనాడు. ఒకరోజు బండి దిగి అరుగు మీద కూకున్నాడు. అలగే ఉండిపోనాడు." ఆమె ఆగింది. "బండి ఆగిపోకూడదని ఇప్పుడు మా మరిది తోలుతున్నాడు. ఏటమ్మా, బండి తీసేసుకుంటారా?"

లైకోన్ ఫోన్ అందుకుని, మరిదిని బండి ఎక్కనివ్వద్దని, మిగతాది తాను వచ్చి చెబుతానని అన్నాడు.

తరవాతి నంబరు పాంగి సోమన్నది. గాలి హోరు, ఇంజిన్ చప్పుడు, వెనక ఎవరో ఆడమనిషి మూలుగు వినిపించాయి.

"సోమన్నా, బండి ఆపి దిగు," అంది ఇందుమతి.

"దిగడానికి లేదమ్మా. ఎనకాల నొప్పులు పడతన్న తల్లి ఉన్నాది. దొడ్డిగెడ్డ నుంచి దింపుతన్నాను. తారురోడ్డుకి ఇంకా ఐదు కిలోమీటర్లు."

"నీ ఒంట్లో ఎలా ఉంది?"

"కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయమ్మా. నాలుగు రోజులబట్టీ అలగే ఉన్నాది. లోయ పక్కన తోలేటప్పుడు బయమేస్తాది."

ఇందుమతి లైకోన్‌ని చూసింది. లైకోన్ ఫోన్ స్పీకర్లో పెట్టి నేల మీద గొంతుకూర్చున్నాడు, ఎదురుగా బండి ఉన్నట్టే.

"సోమన్నా, నాను సెప్పినట్టు సెయ్యి. ఇంజిను ఆపు. పానాలు ఉన్నాయా?"

"ఉన్నాయి."

"సీటు కింద బిగిముక్క ఉన్నాది సూడు. అది తిరగదు. బోల్టు తల రంపంతో కొయ్యాల. రంపం ఉన్నాదా?"

"సిన్నది ఉన్నాది."

"కొయ్యి."

పది నిమిషాలు రంపం చప్పుడు వినిపించింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా లైకోన్ "సోమన్నా" అని పిలిచాడు. "ఉన్నాను" అని జవాబు వచ్చాక ఊపిరి వదిలాడు. వెనక అత్తగారు కాబోలు, ఎవరో ముసలామె కోడల్ని ఓదారుస్తోంది.

"తెగినాది."

"ఇప్పుడు మంచం కాలి బోల్టు ఒకటి ఇప్పు. అదే కొలత. స్టెప్నీ ట్యూబు సిన్న ముక్క కోసి ఇంజినుకీ చట్రానికీ మధ్యన ఎట్టు. బోల్టు దూర్చి నట్టు బిగించు. పైన తీగతో నాలుగు సుట్లు సుట్టు. అది నిలబడదు, తెలుసు కదా. అరకిలోమీటరుకి వదిలీసుద్ది. ఇంజిను గలగలమంటే ఆపు, దిగు, బిగించు, మల్లీ ఎక్కు. ఎన్నిసార్లయినా సరే."

"అలగే. ఈ మలుపు దాటితే సిగ్నలు ఉండదు."

"పోనీ. మేం తారురోడ్డు సివర ఉంటాం."

ఇద్దరూ ఇందుమతి జీపులో తారురోడ్డు ఆగిపోయే చోటుకి వెళ్ళారు. అక్కడ నుంచి పైకి ఎర్రటి రాళ్ళబాట కాఫీ తోటల మధ్య నుంచి మలుపు తిరిగి కనబడకుండా పోతుంది. మిగిలిన ఇద్దరు డ్రైవర్లకీ దారిలోనే చెప్పారు. ఇక చేయడానికేమీ లేదు. మధ్యాహ్నపు ఎండ కొండ అంచుకి దిగుతోంది. చాలాసేపటికి పైనెక్కడో ఇంజిన్ చప్పుడు వినబడింది. కాసేపటికి ఆగిపోయింది.

"బిగిస్తన్నాడు," అన్నాడు లైకోన్.

మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది. ప్రతిసారీ ఆగిన వ్యవధి కొంచెం పెరుగుతోందని ఇందుమతి గమనించింది. మొదట రెండు నిమిషాలు, తరవాత నాలుగు, ఆ తరవాత ఏడు. లైకోన్ ఉండలేక బాట వెంట పైకి పరిగెత్తాడు. ఆమె వెనకాలే నడిచింది. రెండో మలుపులో బండి కనబడింది. లైకోన్ అప్పటికే స్టీరింగు దగ్గర ఉన్నాడు. సోమన్న ముందు చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. పానా ఇంకా చేతిలోనే ఉంది. ముఖం పిండిలా తెల్లబడింది.

"మేడమ్," అన్నాడు ఆమెని చూసి. లేవబోయాడు, లేవలేకపోయాడు. "గవర్మెంటు సామాను కదా. పారెయ్యలేదు. బద్రంగా తెచ్చినాను."

చొక్కా జేబు తడుముకుని తీసి ఇచ్చాడు. బిగిముక్క వెచ్చగా ఉంది. ఈ గంటన్నరా, ఆ కుదుపుల మీద, గుండెకి ఆనించి పెట్టుకుని బండి నడిపాడు.

పారెయ్యమని ఎవరూ చెప్పలేదు. లైకోన్‌కి తోచలేదు. ఇందుమతికి తోచవలసింది. ఆమె ఆ ముక్కని దూరంగా రాళ్ళలోకి విసిరి, సోమన్న పక్కనే కూలబడింది. అతని తల ఒళ్ళోకి తీసుకుంది. ఊపిరి పైపైన ఆడుతోంది.

లైకోన్ బండిని దించాడు. రెండుసార్లు ఆగి నట్టు బిగించాడు. ఆ సాయంత్రం దొడ్డిగెడ్డ అమ్మాయి ఆరోగ్య కేంద్రంలో మగపిల్లాణ్ణి కన్నది. సోమన్నని పాడేరు తీసుకెళ్ళి నాలుగు సీసాలు ఎక్కించారు. అందులో ఒకటి మర్నాడు లైకోన్ వెళ్ళి ఇచ్చింది. సోమన్న బతికాడు గానీ, మళ్ళీ ఏ బండీ నడపలేకపోయాడు.

జమునకి చెప్పవలసిన పని ఇంకా మిగిలే ఉంది. చెబుతానని లైకోన్ అన్నాడు. ఇందుమతి వద్దంది. దీపాలు పెట్టే వేళకి ఆరోగ్య కేంద్రంలో జమున మంచం పక్కన కూర్చుని, పొద్దున్నుంచి జరిగిందంతా వరసగా చెప్పింది. జమున కళ్ళు పైకప్పు మీద ఉన్నాయి.

"ఆ మాత్రలన్నీ అందులోకేనా?" అంది.

"అవును."

"నేరేడుపళ్ళు తిన్నాను. రాగులు తిన్నాను. నర్సమ్మ ఏటి తినమంటే అది తిన్నాను. అదంతానా?"

"చాలావరకు."

"మరి పిల్లలు?"

"ఒంట్లో రక్తం ఉంటే నిలిచేవాళ్ళేమో. ఖాయంగా ఎవరూ చెప్పలేరు జమునా. కానీ నన్నడిగితే, నిలిచేవాళ్ళే."

జమున ఏడవలేదు. తిట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. లైకోన్ మంచానికి అవతలివైపు నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె చెయ్యి మంచం మీంచి జారవేసి అతని తల మీద పెట్టింది. ఇందుమతి లేచి బయటికి వచ్చింది.

ఆ తరవాత ఎనిమిది నెలలు విచారణ జరిగింది. ఇందుమతి తన పదకొండేళ్ళ పుస్తకాలన్నీ తెచ్చి విచారణాధికారి ముందు పెట్టింది. ఇసుక బస్తా గురించి చెప్పింది. ఉత్తరానికి తను రాసిన జవాబు చదివి వినిపించింది. నరహరి ఆమెకి ఎదురుగా కూర్చుని ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. పన్నెండు ముక్కల్నీ తూచారు. లైకోన్ వెతికి తెచ్చిన సోమన్న ముక్క మిగతావాటికంటే బరువు తూగింది. బుద్రుది దాని తరవాత. బడి బళ్ళకి బిగించడం ఆపేశారు. తయారైన వాటిని కరిగించమన్నారు. బుద్రు భార్యకి సంస్థలో ఉద్యోగం ఇచ్చారు. ఇందుమతి ఉద్యోగం పోయింది. పోకపోయినా ఆమె అక్కడ ఉండేది కాదు.

వాడిన పన్నెండింటినీ మాత్రం కరిగించవద్దని ఆమె వేడుకుంది. అవి ఎవరివో వారికే ఇవ్వాలని రాసి ఇచ్చింది. విచారణాధికారి చాలాసేపు ఆలోచించి సంతకం పెట్టాడు. పన్నెండు ఊళ్ళకీ ఆమె స్వయంగా వెళ్ళింది. కొందరు తీసుకున్నారు. ఇద్దరు ఆమె ముఖాన తలుపు వేశారు. కించపాడుకి చివరగా వచ్చింది, ధైర్యం చాలక.

జమున షెడ్డు ముందు కొండబండి కడుగుతోంది. ఒళ్ళు నిండింది. పెదాల్లో రంగు వచ్చింది. బండికి ఇప్పుడు మామూలు నట్టే. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని, ఆగిన ప్రతిచోటా బిగించుకుంటూ నడుపుతోందని లైకోన్ చెప్పాడు.

ఇందుమతి సంచిలోంచి గుడ్డలో చుట్టిన ముక్క తీసి ఇచ్చింది. జమున చేతులు తుడుచుకుని అందుకుంది. అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇప్పుడేటీ సెయ్యదు కదా?"

"కుదుపు లేకపోతే ఏమీ చేయదు."

"మట్టిలో కుదుపు ఉండదు," అంది జమున. లైకోన్‌ని చూసింది. అతను లోపలికి వెళ్ళి గునపం, పార తెచ్చాడు.

ముగ్గురూ షెడ్డు వెనక నుంచి వాగు దాటి, మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల మధ్య వాలు ఎక్కారు. ఒకచోట రెండు చిన్న రాళ్ళగుట్టలు పక్కపక్కనే ఉన్నాయి. ఎవరైనా చెప్పకపోతే పసిపిల్లల్ని పూడ్చిన చోటని తెలీదు. జమున వాటి మధ్య జాగా పాదంతో చూపించింది.

లైకోన్ గునపం ఎత్తబోయాడు. జమున అతని చెయ్యి పట్టుకుంది.

"మేడంగారు తవ్వుతారు," అంది.

ఆ గొంతులో కోపం లేదు. ఇందుమతి గునపం తీసుకుంది. ఆమె చేతులకి అది అలవాటు లేని పని. నేల రాతినేల. మొదటి దెబ్బకి గునపం పక్కకి జారింది. రెండో దెబ్బకి బెత్తెడు పెళ్ళ లేచింది. అరగంటకి అరచేతులు బొబ్బలెక్కి ఒకటి చితికింది. లైకోన్ రెండడుగులు ముందుకి వేసి ఆగిపోయాడు. జమున గుట్టల పక్కన కూర్చుని, ముక్కని చీర కొంగులో పెట్టుకుని, తవ్వడం చూస్తూ ఉంది.

"సాలా?" అంది ఇందుమతి ఒకసారి, ఊపిరి అందక, తనకి తెలియకుండానే ఆ ఊరి మాటలో.

జమున లేచి వచ్చి గోతిలోకి చూసింది.

"ఇంకొంచెం లోతు గావాల," అంది.

ఇందుమతి మళ్ళీ గునపం ఎత్తింది.